రివర్సు లేని బండిలో రేపల్లె మీదుగా

ప్రయాణానికి ముందు కుటుంబ ప్రార్థన చేసుకోవడం మీ అందరి ఇళ్లలో లాగే మా ఇంట్లోనూ అలవాటు. 2023 అక్టోబరు 23, సోమవారం తెల్లవారుజామున మాత్రం ఆ ప్రార్థన కాస్త పొడుగైంది. కారణం బండి.

నర్సాపురంలో మా అక్క కూతురి పెళ్లి. బుధవారం ముహూర్తం. సోమవారం రాత్రికల్లా నేను, మా శ్రీమతి, పిల్లలిద్దరు, మా అమ్మ అక్కడ ఉండాలి. మేనమామను కదా, నేను లేకపోతే పందిరి లేవదన్నట్టు అక్క నెల ముందు నుంచీ ఫోన్లు చేస్తోంది. ఎప్పుడూ మేము ఒంగోలులో రైలెక్కి బెజవాడ మీదుగా వెళ్తాం. ఈసారి దసరా రద్దీలో టిక్కెట్లు దొరకలేదు. అది విని మా సంఘపెద్దగారు తన పాత మారుతి ఓమ్ని వ్యాను తెచ్చి మా గుమ్మం ముందు నిలబెట్టారు. ఆ వ్యాను ఎన్ని కన్వెన్షన్లకు మైకుసెట్లు, వంటగిన్నెలు మోసిందో లెక్కలేదు.

“అయ్యగారూ, బండి బంగారం. ఒక్కటే మాట. రివర్సు పడదు. ముందుకైతే ఎంత దూరమైనా పోతుంది” అన్నారాయన.

“ముందుకు పోవడమే గదండీ మనకు కావలసింది” అన్నాను నేను, పాస్టరు ధోరణిలో. మా శ్రీమతి నా వైపు ఒక చూపు చూసింది. పాస్టర్ల భార్యలకు ఆ చూపు ఎలాంటిదో చెప్పనక్కరలేదు.

ఇంకో రెండు విశేషాలు దారిలో తెలిశాయి. వెనుక తలుపు బయట నుంచి తప్ప లోపలి నుంచి రాదు. వెనుక అద్దం మీద ఎర్రటి అక్షరాలతో ‘ప్రభువు రాకడ సమీపము’ అని రాసి ఉంది. బండేమో నలభై దాటితే వణుకుతుంది. చినగంజాం ఇవతల మమ్మల్ని దాటలేక దాటలేక దాటిన ఒక లారీ క్లీనరు, కిటికీలోంచి సగం బయటికి వంగి, “రాకడ సమీపమే గానీ అయ్యా, నీ పోకడే కనపడ్డంలా!” అని అరిచి వెళ్లాడు. మా అమ్మ ముందు సీట్లో కూర్చుని పమిట నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

ఒంగోలు నుంచి కత్తిపూడి దాకా సముద్రానికి దగ్గరగా సాగే 216వ నంబరు జాతీయ రహదారి మాది. మొత్తం సుమారు 390 కిలోమీటర్లు. బెజవాడ దారి అయితే నాలుగు వరుసల రోడ్డు, తొందరగా పోవచ్చు. కానీ ఆ రోడ్డు మీద మా బండి వేగానికి వెనుకవాళ్ల శాపనార్థాలు తప్పవు. పైగా పిల్లలకు చీరాల, బాపట్ల, బందరు చూపించినట్టుంటుందని ఈ దారి నేనే ఎంచుకున్నాను. దారి పేరు చెప్పినప్పుడు అమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆవిడకు అలవాటు లేని పని. అది నేను గమనించి ఉండాల్సింది.

శరదృతువు ఎండ హాయిగా ఉంది. వానలు పడని సంవత్సరం కాబట్టి ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. దారిలో బకింగ్‌హాం కాలువ కనబడగానే నాలో పాఠం చెప్పే గుణం మేలుకుంది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు వచ్చినప్పుడు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఈ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకున్నారనీ, దానివల్ల వేలమంది కూలి దొరికి బతికారనీ, పని సాగినన్నాళ్లూ ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదనీ, కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని అలా ఆగారనీ చెప్పాను. తరువాత 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని చెబుతుండగా మా అబ్బాయి, “నాన్నా, ఇది ప్రయాణమా, ప్రసంగమా?” అన్నాడు. కానుక పళ్లెం పట్టకపోతే ప్రయాణమేరా అన్నాను.

చినగంజాంలో తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు చూశాం. వేటపాలెంలో జీడిపప్పు కోసం ఆగాం. అక్కడ జరిగింది మొదటి తప్పు. కొట్టు యజమాని ఎంతో మర్యాదగా చెయ్యి ఊపి నా బండిని గోడకు ఎదురుగా పెట్టించాడు. జీడిపప్పు కొన్నాక, అమ్మ బేరం ముగిశాక (అది వేరే వ్యాసం), ఎక్కి కూర్చుంటే ముందు గోడ, వెనుక దారి. రివర్సు లేదు. కొట్లో కుర్రాళ్లు ఇద్దరు వచ్చి నవ్వుకుంటూ వెనక్కి నెట్టారు. మా అమ్మాయి తన నోటు పుస్తకం తీసి ‘వేటపాలెం - 1’ అని రాసుకుంది. ఆ పట్టిక పెళ్లిదాకా పెరుగుతూనే ఉంది.

వేటపాలెంలో నేను చూడాలనుకున్నది 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఎన్నో ఏళ్ల పాత పత్రికలు భద్రపరచిన చోటు. పండుగ సెలవు. గేటుకు తాళం. గేటు పట్టుకుని లోపలికి తొంగిచూసి వచ్చేశాను. దానికి కూడా బండి ఆపనే లేదు, ఇంజను నడుస్తుండగా దిగి చూశాను. అంత భయం పట్టుకుంది.

చీరాలలో మనవరాలికి అమ్మ చీర కొనాలంది. బజారు కిటకిటలాడుతోంది. అంతలో ట్రాఫిక్ కానిస్టేబులు మా తెల్లటి ఓమ్నిని చూశాడు. మన పట్టణాల్లో తెల్ల ఓమ్ని అంటే చాలామందికి అంబులెన్సే. విజిల్ ఊది, ఆటోలను ఆపి, తోపుడు బళ్లను పక్కకు నెట్టి, మాకు దారి చేశాడు. అంబులెన్సు కాదని చెబుదామంటే ఆగాలి, ఆగితే వెనుక వాళ్లందరికీ ఇబ్బంది. చెప్పకపోతే అబద్ధం. నా మనస్సాక్షి ఇలా తర్కం చేస్తుండగా మా అబ్బాయి, “నానమ్మా, కాస్త వెనక్కి వాలి కళ్లు మూసుకో, బాగుంటుంది” అన్నాడు.

“పెళ్లికి పోతా పోతా నేనెందుకు రోగినవుతానురా! కావలిస్తే మీ నాన్నను పడుకోమను” అంది అమ్మ, ఇంకా నిటారుగా కూర్చుని.

బాపట్ల చేరేసరికి మధ్యాహ్నం. సూర్యలంక వెళ్లి సముద్రం ఒడ్డున సరుగుడు చెట్ల కింద కారియర్లు విప్పాం. పిల్లలు అన్నం సగంలో వదిలి నీళ్లలోకి పరుగెత్తారు. సముద్రం చెరువులా ఉంది. సుమారు ఆరు వారాలకే డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటుతుందని ఆ రోజు ఎవరనుకుంటారు? ఆ వార్త విన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఇసుకలో తాటాకు పాక వేసుకుని మాకు మొక్కజొన్న కండెలు కాల్చి ఇచ్చిన మనిషి. ఇసుకలో దిగబడిన మా బండిని నెట్టింది కూడా అతనే.

అమ్మ బండి దిగలేదు. అన్నం కూడా సీట్లోనే తింది, సముద్రానికి వీపు పెట్టి.

“దిగమ్మా, గాలి బాగుంది.”

“మోకాళ్లు పట్టేసినయ్యి నాయనా.”

చీరాల బజారులో నాలుగు కొట్లు తిరిగినప్పుడు ఆ మోకాళ్లు ఏమైనాయో నాకు తట్టలేదు.

రేపల్లెలో టీ తాగాం. తెనాలి నుంచి వచ్చే రైలు మార్గం అక్కడితో ఆగిపోతుంది. ఆ ముందు కృష్ణ, కృష్ణ అవతల దివిసీమ. పెనుమూడి దగ్గర వంతెన ఎక్కేముందు అమ్మ అడిగింది.

“ఈ వంతెన ఎప్పుడు కట్టారురా?”

“చాలా ఏళ్లయిందమ్మా.”

“మేం ఇక్కడ పడవెక్కేవాళ్లం.”

అంతే అంది. తల మీదికి పమిట లాక్కుంది. అప్పుడు నాకు తెలివి వచ్చింది. అమ్మ పుట్టిల్లు దివిసీమ. అది నాకు తెలియని సంగతి కాదు. కానీ తెలిసినట్టు ఎప్పుడూ ప్రవర్తించలేదు. సిగ్గు విడిచి రాస్తున్నాను: పరిచర్యలోకి వచ్చినప్పటి నుంచీ ఉప్పెనను ప్రసంగాల్లో ఎన్నిసార్లు దృష్టాంతంగా వాడానో లెక్కలేదు. 1977 నవంబరు 19, శనివారం అనీ, పదిహేను అడుగులకు మించి లేచిన అల అనీ, పదివేల మంది అనీ గొంతు పెంచి తగ్గించి చెప్పేవాణ్ని. ముందు వరుసలో స్త్రీల మధ్య అమ్మ కూర్చుని వినేది. ఒక్కసారి కూడా ఇంటికి వచ్చి, “అమ్మా, నీకెలా ఉంది?” అని అడగలేదు.

నది దాటాక అవనిగడ్డ దగ్గర, అల ఎంతదాకా వచ్చిందో అక్కడ, చనిపోయినవారి జ్ఞాపకంగా నిలబెట్టిన స్తూపం ఉంది. బండి నెమ్మది చేశాను. అమ్మ దాన్ని చూసి, “ఇంత దూరం వచ్చిందా?” అంది. ఆ తరువాత, “కోడూరు దారి ఎటు?” అంది.

అక్క అప్పటికి మూడుసార్లు ఫోను చేసింది. సాయంత్రం నాలుగు. ఇంకా బందరు కూడా చేరలేదు. మా శ్రీమతి ఆ ఫోను తీసుకుని ఆపేసి సంచిలో వేసింది. నేను బండి కోడూరు వైపు తిప్పాను.

దారిలో అమ్మ చెప్పింది. పిల్లలు కూడా మాట్లాడకుండా విన్నారు. ఆ సంవత్సరం ఆవిడ ఒంగోలు దగ్గర అత్తగారింట్లో ఉంది. పెళ్లయి ఏడాది. ఐదో నెల గర్భవతి, అక్క కడుపులో. పురుటికి తీసుకుపోవడానికి సంక్రాంతి వెళ్లాక వస్తానని వాళ్లమ్మ కబురు చేసింది. ఇంట్లో వాళ్లమ్మ, పన్నెండేళ్ల తమ్ముడు, ఇద్దరే. ఉప్పెన సంగతి తెలిశాక మా నాన్నగారు ఒక్కరే బయలుదేరి వెళ్లారు. వారం తరువాత తిరిగి వచ్చి, గడపలో నిలబడి, “ఇల్లు లేదు” అన్నారట. ఇంకేమీ చెప్పలేదట. ఆవిడ అడగలేదట. మా అమ్మమ్మ పేరు నాకు తెలుసు. ఆ మేనమామ పేరు నలభై దాటిన నేను ఆ రోజు కోడూరు రోడ్డు మీద మొదటిసారి విన్నాను.

కోడూరు దాటాక సముద్రం వైపు ఒక పల్లె. పేరు రాయను, వాళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకు. రోడ్డుకు ఒకవైపు పంట కాలువ, మరోవైపు రొయ్యల చెరువులు. వరి పొట్ట మీద ఉంది. రోడ్డు సన్నబడి సన్నబడి ఒక తుఫాను షెల్టరు ముందు ముగిసింది. దాని అరుగు మీద నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. తెల్లబండి చూసి ఒకావిడ లేచి, “ఎవరికి బాగాలేదమ్మా?” అంది. మళ్లీ అంబులెన్సే.

అమ్మ తనంతట తనే దిగింది. మోకాళ్లు గుర్తు రాలేదు. ఫలానావారి ఇల్లు ఎక్కడ ఉండేదని అడిగింది. అరుగు మీద అందరిలోకీ పెద్దావిడ కళ్లు చిట్లించి చూసింది. దగ్గరికి వచ్చి అమ్మ ముఖం చూసింది, ముక్కు చూసింది.

“ఏమే, నువ్వు చిన్నమ్మాయివి కదూ?”

ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. ఏడుస్తారనుకున్నాను. నా చేతిలో రుమాలు కూడా సిద్ధంగా ఉంది. వాళ్లు ఏడవలేదు. ఆ పెద్దావిడ, “మీ తమ్ముడు మా చింతచెట్టెక్కి దిగలేక గోల పెట్టలా, నువ్వేమో వాడి లాగు పట్టుకు లాగితే లాగు చేతికొచ్చింది” అంది. ఇద్దరూ పగలబడి నవ్వారు. చిన్నపిల్లల్లా, ఒకరిమీద ఒకరు వాలిపోయి నవ్వారు. మా పిల్లలు కూడా నవ్వారు. ఆ రాత్రి ఆవిడ తాడిచెట్టు కావిలించుకుని తెల్లవార్లూ వేలాడి బతికిందట. అది కూడా ఆ నవ్వులోనే చెప్పింది. పెనిమిటి ఆ పక్క చెట్టు పట్టుకున్నాడట. ఆయన ఈమధ్యే, మంచం మీద, వయసు వచ్చి పోయాడట. అది చెప్పేటప్పుడు మాత్రం ఆగింది.

అమ్మ పుట్టిల్లు ఉన్నచోట రొయ్యల చెరువు ఉంది. ఏరేటర్లు నీళ్లను గిలకొడుతూ తిరుగుతున్నాయి. గట్టు మీద నిలబడి అమ్మ చాలాసేపు చూసింది.

“చింతచెట్టు?”

“అదీ పోయిందిగా.”

సంధ్య చీకట్లు పడుతున్నాయి. “అయ్యగారూ, ప్రార్థన చేయండి” అందావిడ. ఎక్కడికి వెళ్లినా నన్నడిగే మాటే అది. చావు ఇళ్లలో, ఆసుపత్రుల్లో, రోడ్డు పక్కన కూడా చేశాను. ఆ గట్టు మీద నాకు మాట పెగల్లేదు. కళ్లు మూసుకుని నిలబడ్డాను. కాసేపు చూసి అమ్మే చేసింది. రెండు పేర్లు చెప్పి, స్తోత్రం చెప్పి, ఆమెన్ అంది. మా ఇంట్లో అంత చిన్న ప్రార్థన నేనెప్పుడూ వినలేదు.

ఇక బండి. ముందు షెల్టరు, కుడివైపు కాలువ, ఎడమవైపు చెరువు, తిప్పుకోవడానికి చోటు లేదు. సంగతి చెబితే ఊరి కుర్రాళ్లు ఎనిమిది మంది వచ్చారు. సుమారు ఒక ఫర్లాంగు వెనక్కి నెట్టాలి. సగం దూరం పోయాక ఇంటికి వచ్చే గేదెల మంద ఎదురైంది. గేదెలకూ రివర్సు లేదు. అవి వెళ్లేదాకా ఆగాం. స్టీరింగు పట్టుకుని మెడ తిప్పి చూస్తూ చెమటలు కక్కుతుంటే, బండి పక్కనే నడుస్తున్న ఆ పెద్దావిడ, “దేవుడి బండి వెనక్కి రాదా అయ్యగారూ?” అని అడిగింది. మా శ్రీమతి నవ్వి నవ్వి తలుపుకు ఆనుకుంది. అమ్మాయి పుస్తకంలో అది ఐదోది.

ఆ రాత్రి బందరులో లాడ్జిలో దిగాం. అక్కకు నేను ఫోను చేయలేదు, మా శ్రీమతి చేత చేయించాను. ఆ మాటలు ఇక్కడ రాయడం కుటుంబ పత్రికకు తగదు. అమ్మ మంచం మీద పడుకోగానే నిద్రపోయింది. నాకే నిద్ర పట్టలేదు. బందరుకూ ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో ముప్పైవేల మంది పోయారని చెబుతారు. రాబర్ట్ నోబుల్ దొరగారు 1843లో స్థాపించిన కళాశాల ఆ నీళ్లనూ చూసింది, ఆ తరువాత ఎన్నిటినో చూసింది. ఆ ముప్పైవేల అంకె కూడా నా ప్రసంగాల్లో ఉండేది. అందులో ఎంతమంది చెట్టెక్కి దిగలేక గోల పెట్టిన పిల్లలో.

పొద్దున్నే బందరు లడ్డూ కొన్నాం. పెళ్లికి ఐదు కిలోలు. శనగపిండిని సన్న కారప్పూసలా వేయించి, దంచి, బెల్లం పాకంతో, నేతితో మళ్లీ దంచుతారు. అందుకే తొక్కుడు లడ్డూ అనే పేరు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మిఠాయి కొట్టు ముందు గోడకు దూరంగా, రోడ్డుకు సమాంతరంగా, ముందు ముప్పై అడుగులు ఖాళీ వదిలి ఆపాను. అనుభవం మనిషికి బుద్ధి నేర్పుతుంది. బయటికి వచ్చేసరికి ఆ ముప్పై అడుగుల్లోనూ ఒక ట్రాక్టరు వచ్చి నిలబడి ఉంది. ఆరు.

నర్సాపురం చేరేసరికి మంగళవారం మధ్యాహ్నం. అక్క వీధిలోనే నిలబడి ఉంది, నడుం మీద చేతులు పెట్టుకుని. నేను జీడిపప్పు, లడ్డూ, చీర మూడూ ఒకేసారి ముందుకు చాపాను. అక్క వాటిని చూడలేదు. అమ్మ ఒక్కమాట కూడా అనకుండా దాన్ని చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసుకుంది. పెళ్లివారి ఇల్లు. మనుషులు తలుపు తట్టడం, బియ్యం ఎక్కడ, కొబ్బరాకులు ఎక్కడ అని అడగడం. ఎవరు తట్టినా తలుపు తీయలేదు. చాలాసేపటికి అక్క బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా ఆలస్యం గురించి ఆ రోజు గానీ, ఆ తరువాత గానీ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అది మా అక్క గుణం కాదు.

పెళ్లి చక్కగా జరిగింది. పెళ్లికూతురి తల మీది ముసుగు నర్సాపురం లేసు, వాళ్ల వీధిలో ఆడవాళ్లే క్రోషా సూదితో అల్లారు. 2024లో ఆ లేసుకు కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిషనరీల ఇళ్ల నుంచి గోదావరి పల్లెల ఆడవాళ్ల చేతుల్లోకి వచ్చిన పని అది. గోదావరి డెల్టాలో సువార్త పనికి 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీరు దొరల సంగతి కూడా చెప్పబోయాను గానీ, మా అబ్బాయి కానుక పళ్లెం గుర్తు చేశాడు.

గురువారం ఒక మెకానిక్కు బండి చూపించాను. పది నిమిషాలు కింద దూరి, గేరు రాడ్డు దగ్గర ఊడిపోయిన చిన్న పిన్ను ఒకటి వేసి, నూట యాభై రూపాయలు తీసుకున్నాడు. రివర్సు వెన్నలా పడింది. ఇన్నాళ్లూ ఎందుకు బాగుచేయించలేదని సంఘపెద్దగారిని ఫోనులో అడిగితే, “ముందుకు పోతూనే ఉంది కదా అయ్యగారూ” అన్నారు.

శుక్రవారం తిరుగు ప్రయాణం. ఆదివారం ఆరాధన ఉంది, ఆలస్యం చేయడానికి వీల్లేదు. బందరులో అమ్మ బండి ఆపించి మరో కిలో లడ్డూ విడిగా కట్టించింది. ఎవరికని అడగలేదు. అవనిగడ్డలో చెప్పకుండానే కోడూరు వైపు తిప్పాను. షెల్టరు అరుగు మీద ఆవిడ ఉంది. మమ్మల్ని చూడగానే లోపలికి తిరిగి, “ఒరే, కుర్రాళ్లను పిలవండి, దేవుడి బండి వచ్చింది!” అని కేక పెట్టింది.

ఈసారి వాళ్ల అవసరం రాలేదు. అయినా ఎనిమిది మందీ వచ్చారు. లడ్డూ తిని, బండి దానంతట అదే వెనక్కి పోతుంటే కాస్త నిరాశగా చూస్తూ నిలబడ్డారు.